చెస్ మేట్ ప్రాబ్లమ్స్‌ని కంప్యూటర్‌తో సాధించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున చెస్ నేర్పుతాను. ఊళ్లో పిల్లలతో పాటు నది దాటి పాతపట్నం నుంచి కొందరు, గుణుపురం రైల్లో కొందరు వస్తారు. సగం మంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాళ్లూ వాళ్ల నాన్నలూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మేట్ ప్రాబ్లం అంటే ఏమిటి? ఆటలో మేట్ చేయడానికీ దీనికీ తేడా ఏంటి?

ఆటలో గెలిస్తే చాలు. పది ఎత్తుల్లో మేట్ చేసినా, ముప్పై ఎత్తుల్లో చేసినా పాయింటు ఒక్కటే. ప్రాబ్లంలో అలా కుదరదు. "తెలుపు ఆడి మూడు ఎత్తుల్లో మేట్" అని ఉంటే, నలుపు ఏం ఆడినా సరే, మూడో ఎత్తుకి ఆటకట్టు పడాలి. నాలుగైతే తప్పే. పైగా అలా మేట్‌కి తీసుకెళ్లే మొదటి ఎత్తు ఒక్కటే ఉండాలి. దాన్నే కీ అంటారు. రెండో కీ బయటపడితే ఆ ప్రాబ్లంలో కుక్ ఉందంటారు, అంటే కట్టినాయన చూసుకోని దారి ఒకటి మిగిలిపోయిందన్నమాట.

ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఏ ప్రోగ్రాం వేసుకోవాలి? డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. నేను వాడేవి ప్రధానంగా రెండు, రెండూ ఉచితమే. ఒకటి స్టాక్‌ఫిష్. ఇది ఆట ఆడే ఇంజిన్, 2008 నుంచి ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. రెండోది పొపాయ్. ఇది ఆట ఆడదు, ప్రాబ్లమ్స్ మాత్రమే సాధిస్తుంది. దాని పుట్టుక 1980లలో. ప్రాబ్లమ్స్ కట్టేవాళ్లు తమ కోసం తామే రాసుకుని ఇప్పటిదాకా పెంచుకుంటూ వచ్చారు. ఇవి కాక చెస్ట్, గుస్తావ్ లాంటివి కూడా ఉన్నాయి. ఎత్తుల సంఖ్య పెరిగేకొద్దీ చెస్ట్ బాగా పనికొస్తుంది.

పాత లాప్‌టాప్ అయినా పర్వాలేదు. మా దగ్గరున్నది పదేళ్ల కిందటిది.

ఫోన్‌లో స్టాక్‌ఫిష్ ఉంది కదా మాస్టారూ, అది చాలదా?

అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు చాలుతుంది. రెండు, మూడు ఎత్తుల ప్రాబ్లమ్స్‌ని అది రెప్పపాటులో చెప్పేస్తుంది. కానీ ఎందుకు ఒక్కోసారి తడబడుతుందో తెలియాలంటే అది ఎలా ఆలోచిస్తుందో కొంచెం చూడాలి.

బోర్డు తీసుకుని ఈ పొజిషన్ పెట్టండి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; ఎ1 అంటే తెలుపు వైపు ఎడమ మూల గడి). తెలుపు: రాజు సి8, ఏనుగు ఎ1, బంటు బి6. నలుపు: రాజు ఎ8, శకటు బి8, బంట్లు ఎ7, బి7. తెలుపు ఆడి రెండు ఎత్తుల్లో మేట్. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ మేటి ఆటగాడు పాల్ మార్ఫీ చిన్నప్పుడు కట్టాడని చెప్పుకునే ప్రాబ్లం ఇది. ఏడే పావులు. కింద చదివే ముందు ఐదు నిమిషాలు చూడండి.

కీ: ఏనుగు ఎ6కి. బి7 బంటు దాన్ని చంపేయగలదు. చంపితే మన బంటు బి7కి వెళ్లి మేట్, ఎందుకంటే దానికి సి8లో మన రాజు కాపలా. చంపకుండా శకటు ఎటు కదిలినా ఏనుగు ఎ7 బంటుని తీసుకుని మేట్. ఎ7 బంటు బి6ని చంపుదామంటే కదలలేదు, వెనక రాజు, ముందు ఏనుగు. నలుపుకి మిగిలినవి ఈ రెండు రకాల ఎత్తులే, రెండింటికీ మేటే.

ఇప్పుడు నలుపు "నేను ఆడను, నువ్వే ఇంకోటి ఆడు" అనగలిగితే? మేట్ లేదు! ఏనుగు ఎ7ని తీసుకుంటే శకటు దాన్ని తీసుకుంటుంది. అంటే ఆ కీలో బెదిరింపే లేదు. నలుపు చేతులారా తన ఇల్లు తానే పాడుచేసుకునేలా చేయడమే అందులోని బలం. జుగ్‌జ్వాంగ్ అంటారు దీన్ని.

ఆట ఆడే ఇంజిన్లు పని తగ్గించుకోవడానికి ఒక ఉపాయం వాడతాయి. "ఎదుటివాడు ఒక ఎత్తు వదిలేసినా నాకు పెద్దగా ఒరిగేది లేకపోతే, ఈ దారిలో సరుకు లేదు" అనుకుని ఆ కొమ్మని నరికేస్తాయి. నల్ మూవ్ అని దాని పేరు. మామూలు ఆటలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆటలో ఎత్తు ఉండటం దాదాపు ఎప్పుడూ లాభమే. ప్రాబ్లమ్స్‌లో మాత్రం సగం అందం ఈ నోరు మూసుకుని కూర్చునే కీలలోనే ఉంది. ఇవి కాక, చూడగానే పనికిరానట్టు కనిపించే ఎత్తుల్ని ఇంజిన్ తక్కువ లోతుకే చూసి వదిలేస్తుంది. మంత్రిని ఊరికే బలిచ్చే ఎత్తు, బంటు చివరి గడికి చేరి మంత్రి కాకుండా గుర్రం కావడం, రాజు ఒక గడి వెనక్కి తగ్గడం, ఇలాంటివే ప్రాబ్లం కట్టేవాళ్లకి ప్రాణం. ఇంజిన్‌కి ఇవన్నీ వరసలో చివర నిలబడ్డ మనుషులు.

మార్ఫీ ప్రాబ్లంలో ఏ ఇంజిన్ అయినా క్షణంలో కీ చెప్పేస్తుంది, అంత చిన్నది కాబట్టి. అదే గుణం ఎనిమిదో తొమ్మిదో ఎత్తుల ప్రాబ్లం లోపల ఎక్కడో దాగుంటే అప్పుడు గంటలు పట్టొచ్చు.

స్టాక్‌ఫిష్ "ఐదులో మేట్" అంది. పుస్తకంలో నాలుగు అని ఉంది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాకపోవచ్చు. ఇంజిన్ "ఐదులో మేట్" అందంటే ఐదులో మేట్ దొరికింది అని అర్థం. నాలుగులో లేదు అని అది అనలేదు. నేను పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చే మాట ఇది: దొరకడం వేరు, ఇంతకన్నా తక్కువలో లేదని తేలడం వేరు.

ఊళ్లో ఒకాయన బస్టాండ్ నుంచి మా ఇంటికి ఐదు వీధుల్లో దారి చూపించాడనుకోండి, ఆయన అబద్ధం చెప్పలేదు. నాలుగు వీధుల దారి లేదనాలంటే మాత్రం ఊరంతా తిరిగి చూసిన మనిషి కావాలి. పొపాయ్ ఆ తిరిగి చూసే మనిషి. అంచనా మీద ఏ కొమ్మనీ నరకదు, నలుపుకున్న ప్రతి జవాబునీ చూస్తుంది. అందుకే నెమ్మది. అందుకే నమ్మకం కూడా.

స్టాక్‌ఫిష్‌ని ఇంకాసేపు వదిలేస్తే చాలాసార్లు అంకె తనే తగ్గుతుంది. ఆరు అన్నది ఐదవుతుంది, ఐదు నాలుగవుతుంది. మొదటి అంకె చూసి ఫోన్ జేబులో పెట్టేసుకోకండి.

"గో మేట్" అనే ఆదేశం గురించి విన్నాను. అదేంటి?

ఇంజిన్లతో మాట్లాడటానికి యూసీఐ అని ఒక పద్ధతి ఉంది, 2000లో వచ్చింది. అందులో "గో మేట్ 4" అని టైపు చేస్తే (ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి) ఇంజిన్ నాలుగు ఎత్తుల మేట్ దొరికాక ఆగుతుంది. ఆగడానికి ఒక గుర్తు పెట్టినట్టే తప్ప, దానివల్ల ఇంజిన్ కొమ్మలు నరకడం పూర్తిగా మానేయదు. దొరక్కపోతే అలా వెతుకుతూనే ఉంటుంది.

ఇంకో చిట్కా: ఒకేసారి ఎన్ని మంచి ఎత్తులు చూపించాలో చెప్పే మల్టీ పీవీ అనే సెట్టింగ్‌ని రెండో మూడో పెట్టండి. రెండో వరసలో కూడా అదే అంకెతో మేట్ కనిపిస్తే కుక్ ఉందన్నమాటే. కనిపించకపోతే మాత్రం లేదని అనుకోకండి, పొపాయ్‌ని అడగండి.

పొపాయ్‌లో గుర్రం పెట్టాను, అర్థం లేని జవాబు వచ్చింది.

మీరు ఎన్ అక్షరం కొట్టి ఉంటారు. చెస్ పుస్తకాల అలవాటుతో అందరూ చేసేదే, నేనూ చేశాను. పొపాయ్‌లో ఎన్ అంటే నైట్‌రైడర్ అనే వేరే పావు. అది గుర్రంలా దూకి, అదే దిశలో మళ్లీ మళ్లీ దూకుతూ పోగలదు. మామూలు గుర్రానికి ఎస్ కొట్టాలి. మొదటిసారి ఇది తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మూడు ఎత్తుల ప్రాబ్లంకి రెండు ఎత్తుల్లో మేట్ అని చూపిస్తుంటే, పుస్తకం తప్పనే నిర్ధారణకి వచ్చేశాను.

జవాబు చదవడం కూడా నేర్చుకోవాలి. కీ పక్కన ఆశ్చర్యార్థకం ఉంటుంది. ప్రశ్నార్థకం ఉన్న ఎత్తులు ట్రైలు, అంటే దాదాపు పనిచేసి ఒక్క జవాబు దగ్గర చెడేవి. ఆ చెడగొట్టే జవాబుని "బట్" అనే మాట పక్కన చూపిస్తుంది. మార్ఫీ ప్రాబ్లం పెడితే కీ పక్కన "జుగ్‌జ్వాంగ్" అని కూడా రాస్తుంది, చూసి మా పిల్లలు సంబరపడ్డారు. చివరి లైను తప్పకుండా చూడండి. "సొల్యూషన్ ఫినిష్డ్" అని ఉంటేనే వెతకడం పూర్తయినట్టు. "పార్షియల్" అని ఉంటే మధ్యలో ఆగిపోయింది, దాని మీద ఏ తీర్పూ చెప్పకూడదు.

ఎంతసేపు పడుతుంది?

లెక్క వేద్దాం. ఒక మామూలు పొజిషన్‌లో సుమారు 35 ఎత్తులు ఉంటాయనుకోండి. రెండు ఎత్తుల మేట్ అంటే మనది, వాళ్లది, మనది, మొత్తం మూడు అడుగులు: 42,875 దారులు. మూడు ఎత్తులకి 5 కోట్ల 25 లక్షలు. నాలుగుకి 6,400 కోట్ల పైమాటే. ఐదుకి 78 లక్షల కోట్లు దాటుతుంది. ప్రోగ్రాంలు ఇవన్నీ నిజంగా చూడవు. చివరి ఎత్తు మేట్ కావాలంటే అది చెక్ అయి తీరాలి కాబట్టి మిగతావాటిని ముట్టుకోవు. నలుపుకి తప్పించుకునే జవాబు ఒక్కటి దొరికితే చాలు, ఆ ఎత్తుని అక్కడికక్కడే వదిలేస్తాయి. ఒకసారి చూసిన పొజిషన్‌ని గుర్తుపెట్టుకుంటాయి. అయినా ఒక్క ఎత్తు పెరిగితే పని ఎన్ని రెట్లు పెరుగుతుందో ఈ అంకెలే చెప్తాయి.

మా పాత లాప్‌టాప్‌లో పొపాయ్ మూడు ఎత్తుల వాటిని సెకన్లలో, నాలుగువి నిమిషాల్లో తేలుస్తుంది. ఐదు దాటితే రాత్రి పెట్టి పొద్దున చూసుకుంటాను. 1951లో మాంచెస్టర్‌లో డీట్రిష్ ప్రింజ్ అనే ఆయన ఫెరాంటీ మార్క్ 1 యంత్రం మీద మొట్టమొదటిసారి ఇలాంటి ప్రోగ్రాం నడిపించాడు. అది రెండు ఎత్తుల మేట్ మాత్రమే చూడగలిగేది, ఒక ప్రాబ్లంకి దాదాపు పావుగంట పట్టింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి రాత్రంతా ఆగాల్సి వచ్చినా నాకు విసుగు రావడం లేదు.

జవాబు పత్రంలో లేని కీ మా అమ్మాయి రాసింది. తప్పు వేశారు. ఏం చేయాలి?

ఇది మా దగ్గరే జరిగింది. కొన్నేళ్ల కిందట ఒక పోటీలో, మా దగ్గర నేర్చుకునే ఏడో తరగతి పిల్ల మూడు ఎత్తుల ప్రాబ్లంకి ఏనుగు ఎత్తు రాసింది. వాళ్ల కాగితంలో మంత్రి ఎత్తు ఉంది. సున్నా వేశారు. సోమవారం బడి అయ్యాక సంచీ కూడా దించకుండా నేరుగా మా ఇంటికొచ్చి, "సార్, నాది ఎక్కడ తప్పో చూపించండి" అంది. నేను చూసి చూసి ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. పొపాయ్‌లో ఎక్కించాం. ఆశ్చర్యార్థకంతో రెండు కీలు వచ్చాయి, ఒకటి మంత్రిది, ఒకటి ఏనుగుది. ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి రెండో లైనుని మూడుసార్లు చదివింది.

ప్రింటు తీసి నిర్వాహకులకి పంపాం. ఫలితం మార్చలేదు. వాళ్ల నాన్న "పోనీలెండి మాస్టారూ" అన్నారు. నాకైతే పోనివ్వాలనిపించలేదు, ఇప్పటికీ. పెద్ద సాల్వింగ్ పోటీల్లో ప్రాబ్లంలో కుక్ బయటపడితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే సాధించినవాడి తప్పు అందులో లేదు.

అందుకని పోటీలు పెట్టేవాళ్లకి నా విన్నపం ఒక్కటే: కాగితం అచ్చు వేయించే ముందు ప్రతి ప్రాబ్లంనీ ఒకసారి పొపాయ్‌లో వేసి చూడండి. పది ప్రాబ్లమ్స్‌కి అరగంట కూడా పట్టదు. ఒక పిల్ల మనసు విరగకుండా ఉంటుంది.

ప్రోగ్రాం "జవాబు లేదు" అంటోంది. పుస్తకమే తప్పా?

ముందు మీరు ఎక్కించినది సరిచూసుకోండి. పదిలో తొమ్మిదిసార్లు తప్పు అక్కడే ఉంటుంది. పాత పత్రికల జిరాక్సుల్లో బంటుకీ శకటుకీ తేడా తెలియదు, తెల్ల పావు నల్లగా వస్తుంది. పావుల్ని లెక్కపెట్టండి. చాలా పుస్తకాల్లో బొమ్మ కింద తెలుపు ఎన్ని, నలుపు ఎన్ని అని అంకెలు వేస్తారు, వాటితో పోల్చండి. తెలుపు ఎప్పుడూ కింది నుంచి పైకి ఆడుతున్నట్టే బొమ్మ వేస్తారు.

తర్వాత క్యాస్లింగ్, అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం. ప్రాబ్లమ్స్‌లో రాజు, ఏనుగు వాటి మొదటి గళ్లలో ఉంటే, క్యాస్లింగ్ చేయడానికి వీల్లేదని రుజువు చేయగలిగితే తప్ప, చేయొచ్చనే లెక్క. ఆం పాసాన్‌కి (రెండు గళ్లు దూకిన బంటుని, ఒక్క గడే కదిలినట్టుగా పక్క బంటు చంపడం) దీనికి తలకిందులు: అంతకుముందు ఎత్తు కచ్చితంగా ఆ బంటుదే అని రుజువు చేయగలిగితేనే మొదటి ఎత్తుగా దాన్ని ఆడొచ్చు. ఆట ప్రోగ్రాంలో పొజిషన్ పెట్టినప్పుడు క్యాస్లింగ్ గడి దగ్గర టిక్ పెట్టడం మర్చిపోతే నలుపు రక్షణ ఒకటి మాయమైపోతుంది, లేని కుక్‌లు కనిపిస్తాయి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా లేదంటే, అప్పుడు పుస్తకం తప్పే. పాత ప్రాబ్లమ్స్‌లో ఇలాంటివి కంప్యూటర్లు చాలా బయటపెట్టాయి.

టేబుల్‌బేస్ ఉంటే ఇవన్నీ అక్కర్లేదంటారు, నిజమేనా?

పావులు ఏడుకి మించకుండా ఉంటేనే, రెండు రాజుల్నీ కలుపుకుని. అలాంటి పొజిషన్లన్నిటికీ ఫలితం ముందే లెక్కగట్టి దాచిపెట్టారు. 2012లో మాస్కోలో లెక్కగట్టిన లమనోసోవ్ టేబుల్‌బేస్‌లో ఒక పొజిషన్‌కి మేట్ 549 ఎత్తులకి పడుతుంది. మనిషి బుర్రకి అందే విషయం కాదది.

ఇప్పుడు ఎక్కువగా వాడే సిజిజీ అనే టేబుల్‌బేస్ ఫైళ్లు ఐదు పావుల వరకు దాదాపు 1 జీబీ, ఆరుకి 150 జీబీ చిల్లర, ఏడుకి 17 టీబీ దగ్గర. ఐదు చాలు మనకి. ఒక చిక్కుంది: సిజిజీ గెలుపు, డ్రా చెప్తుంది కానీ మేట్‌కి ఎన్ని ఎత్తులో చెప్పదు. ఆ అంకె కావాలంటే గావియోటా లాంటివి వాడాలి. ఇక పది, పన్నెండు పావులున్న ప్రాబ్లంకి ఏదీ పనికిరాదు.

హెల్ప్‌మేట్, సెల్ఫ్‌మేట్‌లకి స్టాక్‌ఫిష్ పనికొస్తుందా?

రాదు. హెల్ప్‌మేట్‌లో తెలుపూ నలుపూ కలిసి, నల్ల రాజుకి మేట్ పడేలా ఒకరికొకరు సాయం చేసుకుంటారు. 1854లో మాక్స్ లాంగె మొదలుపెట్టిన రకం ఇది. సెల్ఫ్‌మేట్‌లో తెలుపు తన రాజుకే మేట్ చేయమని నలుపుని బలవంతపెడుతుంది. గెలవడమే తెలిసిన ఇంజిన్‌కి ఇవి ఎక్కవు. పొపాయ్‌లో అడిగే గుర్తు ముందు హెల్ప్‌మేట్‌కి హెచ్, సెల్ఫ్‌మేట్‌కి ఎస్ చేరిస్తే చాలు. పొడవైన హెల్ప్‌మేట్‌లకి "ఇంటెలిజెంట్" అనే ఆప్షన్ పెట్టండి. అది ముందు ఎలాంటి మేట్ బొమ్మలు సాధ్యమో ఊహించి, అక్కడికి చేరగలమా అని వెనక నుంచి చూస్తుంది. గంటల పని నిమిషాల్లోకి వస్తుంది.

మన దేశంలో ఇలాంటి ప్రాబ్లమ్స్ ఎవరైనా కట్టారా?

"ఇండియన్ ప్రాబ్లం" అని ప్రపంచమంతా పిలిచేది ఒకటుంది. 1845లో ఇంగ్లండు పత్రికలో వచ్చింది. పంపింది లవ్‌డే అనే పాదిరి, ఇక్కడ ఉద్యోగం చేస్తూ "షాగిర్ద్" అనే కలం పేరుతో పంపాడు. షాగిర్ద్ అంటే శిష్యుడు. అందులో తెల్ల శకటు ముందు ఒక గడి దాటి దూరంగా వెనక్కి వెళ్తుంది. తర్వాత ఏనుగు వచ్చి ఆ గడిలోనే నిలబడి దాని దారికి అడ్డుపడుతుంది. నల్ల రాజుకి కదలడానికి చోటు దొరుకుతుంది, లేకపోతే స్టేల్‌మేట్ (చెక్ లేదు, ఆడటానికి ఎత్తూ లేదు, ఆట డ్రా) అయ్యేది. రాజు కదలగానే ఏనుగు పక్కకి తప్పుకుంటుంది, వెనక నుంచి శకటు చెక్, మేట్. తన పావుకి తనే అడ్డుపడటం! ఈ ఆలోచన చూశాక ప్రాబ్లమ్స్ కట్టే విద్యే మారిపోయింది.

దీన్ని ఇంజిన్‌కి ఇస్తే ఎత్తులు చెప్తుంది. శకటు ఎందుకు అంత దూరం వెళ్లిందో చెప్పదు. అది బోర్డు మీద పిల్లలకి మనమే చూపించాలి.

పిల్లలకి కంప్యూటర్ ఎప్పుడు చూపించాలి?

మా అరుగు మీద నియమం ఇది. రెండు ఎత్తుల ప్రాబ్లంకి ఇరవై నిమిషాలు, మూడు ఎత్తులదానికి గంట, బోర్డు మీద. తర్వాత ప్రతి పిల్లా తన కీని కాగితం మీద రాయాలి, నలుపు ముఖ్యమైన జవాబులతో సహా. అప్పుడే లాప్‌టాప్ తెరుస్తాను. తప్పు రాసినవాళ్ల ఎత్తుని ముందు వేసి, నలుపు దాన్ని ఎలా చెడగొడుతుందో చూపిస్తాను. తన ఎత్తు పక్కన "బట్" అని ఏం వస్తుందోనని పిల్లలు ఎదురుచూసే ఆ టెన్షన్‌లోనే నేర్చుకోవడం ఉంది. కీ ముందే చూపిస్తే "ఓహో" అని ఇంకోదానికి వెళ్లిపోతారు, వారం తర్వాత అడిగితే గుర్తుండదు.

1977 నుంచి ప్రపంచ సాల్వింగ్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. జాన్ నన్ లాంటి గ్రాండ్‌మాస్టర్ దాన్ని మూడుసార్లు గెలిచాడు, 2004, 2007, 2010లో. అక్కడ బల్ల మీద బోర్డు, పావులు, కాగితం, గడియారం. అంతే.

నెట్ లేకపోతే?

పొపాయ్, స్టాక్‌ఫిష్ రెండూ ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాని అతలాకుతలం చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. లాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగ్‌ని దాచుకుని, పగలంతా బోర్డు మీద చూసిన నాలుగు ఎత్తుల ప్రాబ్లం ఒకటి సాయంత్రం వేసి చూశాం. లాంతరు పక్కన నలుగురం. మేం అనుకున్న గుర్రం ఎత్తు పక్కన ప్రశ్నార్థకం వచ్చింది. నలుపు బంటు రెండు గళ్లు దూకే జవాబు మా ఎవరికీ తట్టలేదు. అసలు కీ చూడకుండానే లాప్‌టాప్ మూసేసి, మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాం.